గురి తప్పేది ఎక్కడ?

కొత్త వస్తువు మీద మనిషికి ఒక అమాయకమైన విశ్వాసం ఉంటుంది. పాత గడియారం ఆలస్యంగా నడిస్తే గడియారాన్ని శంకిస్తాడు. కొత్త గడియారం ఆలస్యంగా నడిస్తే సూర్యుణ్ణి శంకిస్తాడు. వెల ఎంత ఎక్కువైతే ఆ విశ్వాసం అంతగా గట్టిపడుతుంది. అది భంగపడిన రోజున మాత్రం అదే మనిషి రెండవ కొసకు పోయి, వస్తువు మొత్తం దండగ అని తేల్చివేస్తాడు. తప్పు ఎక్కడ ఉన్నదో ఓపికగా వెదికేవారు తక్కువ.

దూరపు వేటకని కొన్న కొత్త రైఫిలు గురి తప్పుతున్నప్పుడు ఈ ఓపికకు నిజమైన పరీక్ష ఎదురవుతుంది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాత వేట గతకాలపు ముచ్చటగా మిగిలింది. కాని అమెరికా పశ్చిమ రాష్ట్రాలలో అది నేటికీ చట్టబద్ధమైన ఋతుధర్మం. మోంటానా కొండలలో అక్టోబరు చివరి వారంలో రైఫిలు వేట మొదలవుతుంది. అక్కడ ఎల్క్ అనే పెద్ద దుప్పి ఒక్కటి దొరికితే చిన్న కుటుంబానికి చలికాలమంతా మాంసానికి లోటుండదు.

ఆ రాష్ట్రంలో ఉండే ఒక వడ్రంగిని ఊహించుకోండి. నలభై ఏళ్ళవాడు, చేతిపని మీద బతికేవాడు. రెండేళ్ళు కూడబెట్టిన సొమ్ముతో దూరపు వేటకు తగిన కొత్త రైఫిలు కొన్నాడు. దాని తోటా 1962లో వెలువడి, నేటికీ పశ్చిమ కొండలలో మన్నన పొందుతున్న 7 మిల్లీమీటర్ల రెమింగ్టన్ మాగ్నమ్. పైన మంచి టెలిస్కోపు బిగించాడు. నూరు గజాల దూరంలో మూడు గుండ్లు ఒక అంగుళం లోపల పడతాయని తుపాకితో వచ్చిన కాగితం హామీ ఇస్తున్నది. సెప్టెంబరులో మొదటిసారి మైదానానికి వెళ్ళి బల్ల మీద ఇసుక సంచులు పేర్చి కాల్చాడు. మూడు గుండ్లు మూడు దిక్కులకు పోయాయి. వాటి మధ్య దూరం మూడు అంగుళాలు.

మూడు అంగుళాలంటే ఎంత అనిపించవచ్చు. కాని గురి తప్పడమన్నది కోణానికి సంబంధించిన విషయం. వలయంలో 360 డిగ్రీలు, ఒక్కొక్క డిగ్రీకి 60 నిమిషాలు. ఒక నిమిషం కోణం నూరు గజాల వద్ద అంగుళం కంటె కొంచెం ఎక్కువ వెడల్పును కప్పుతుంది. దూరం పెరిగినకొద్దీ ఆ వెడల్పూ పెరుగుతుంది. నూరు గజాల వద్ద మూడు అంగుళాలు చెదిరే రైఫిలు నాలుగు వందల గజాల వద్ద పన్నెండు అంగుళాలు చెదురుతుంది. ఎల్క్ శరీరంలో గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు అడుగు వెడల్పు మాత్రమే. అంటే ఉన్న అవకాశమంతా తుపాకియే తినివేసినట్లు. ఇక అంత దూరం పోయేసరికి గుండు అరసెకను కాలాన్ని గాలిలో గడుపుతుంది. ఆ లోపల భూమ్యాకర్షణ దానిని సుమారు మీటరు కిందికి లాగుతుంది. గంటకు పది మైళ్ళ అడ్డగాలి వీస్తే జానెడు పక్కకు నెడుతుంది. వేటగాని అంచనాలో తప్పు, అతని ఊపిరి, అలసట ఇవన్నీ దానికి అదనం.

ఇవి అతనికి పుస్తకంలోని లెక్కలు కావు. కిందటి ఏడు హేమంతంలో ఒక వాగు ఒడ్డున అతడు చచ్చిపడి ఉన్న ఆడ ఎల్క్‌ను చూశాడు. గుండు గుండెకు తగలలేదు. వెనుకగా, పొట్టలో తగిలింది. ఎవరు కాల్చారో తెలియదు. తన గుండు తగిలినట్లు ఆ కాల్చినవానికి కూడా తెలిసి ఉండకపోవచ్చు. నేల మీద అది పడుకొని లేచి, పడుకొని లేచి నడిచిన జాడలు వాగు వరకు ఉన్నాయి. గురికాగితం మీద రెండు అంగుళాల తేడా కొండ మీద అటువంటి రూపం ధరిస్తుంది. అందుకే ఆ మూడు గుండ్లు చూసి అతడు నవ్వుకోలేకపోయాడు.

మొదట అతనికి తోచిన పనులు అందరికీ తోచేవే. తోటాలు మార్చాలి, టెలిస్కోపు మార్చాలి, అవసరమైతే తుపాకినే తిప్పి పంపాలి. మరునాడే నాలుగు రకాల తోటాలు కొనుక్కొని మైదానానికి వచ్చాడు. అక్కడ తుపాకుల మరమ్మతు చేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక వృద్ధుడు ఆ పెట్టెలు చూసి తల ఊపాడు.

“ఒక్కసారికి ఒక్కటే మార్చు, అబ్బాయీ. రెండు మార్చితే ఏది జబ్బో, ఏది మందో నీకు ఎన్నటికీ తెలియదు.”

“మరి ఏది ముందు మార్చమంటారు?”

“ఏదీ మార్చకు. ముందు ఎంత తప్పుతున్నదో తెలుసుకో. మూడు గుండ్లు చాలవు, పది కాల్చు.”

ఈ సలహాలో గణితం ఉన్నది. ఒకే తుపాకితో ఒకే విధంగా కాల్చినా మూడు గుండ్ల గుంపు ఒకమారు అరంగుళం, మరొకమారు రెండంగుళాలు రావచ్చు. అది తుపాకి గుణం కాదు, యాదృచ్ఛికం. పాచికలు మూడుసార్లు విసిరి వాటి స్వభావం చెప్పలేనట్లే ఇదీ. సగటున చూస్తే పది గుండ్ల గుంపు మూడు గుండ్ల గుంపు కంటె ఒకటిన్నర రెట్లకు పైగా వెడల్పుగా ఉంటుంది. కనుక మూడేసి గుండ్లు పదిసార్లు కాల్చి, వాటిలో చిన్నదానిని జేబులో పెట్టుకొని ఊరంతా చూపించేవాడు అబద్ధమాడనక్కరలేదు. అతనికి తెలియకుండానే ఆ కాగితం అబద్ధమాడుతుంది. వడ్రంగి పది గుండ్లు కాల్చాడు. నడుమ గొట్టాన్ని చల్లారనిచ్చాడు. గుంపు నాలుగున్నర అంగుళాలు వచ్చింది. మనసు కుంగినా, జబ్బు కొలత మొదటిసారి చేతికి చిక్కింది.

తరువాత తుపాకిని ఖాళీ చేసి, తోటా లేదని రెండుమార్లు చూసుకొని, మరలు పరీక్షించడం మొదలుపెట్టాడు. కొత్త రైఫిలు గురి తప్పడానికి అతి సామాన్యమైన కారణం ఇదే, అందరూ చివర చూసేదీ ఇదే. టెలిస్కోపును తుపాకికి పట్టి ఉంచే దిమ్మలకు, వలయాలకు సన్నని మరలు ఉంటాయి. వాటిలో ఒక్కటి వదులైనా ప్రతి పేలుడు అదురుకు టెలిస్కోపు వెంట్రుకవాసి కదులుతుంది. ఆ వెంట్రుకవాసి కదలిక నూరు గజాల వద్ద అంగుళాలుగా మారుతుంది. అతని తుపాకికి టెలిస్కోపు కింది దిమ్మ ముందు మర చేతితోనే తిరిగింది. మరలన్నీ విప్పి, నూనె తుడిచి, బిగింపును కొలిచే పనిముట్టుతో తయారీదారు చెప్పినంత మాత్రమే బిగించాడు. అతిగా బిగించడమూ తప్పే. టెలిస్కోపు గొట్టం నొక్కుకుపోతుంది.

ఆ పైన టెలిస్కోపునే పరీక్షించాడు. దాని మీట పైకి ఇరవై మెట్లు, కుడికి ఇరవై, కిందికి ఇరవై, ఎడమకు ఇరవై తిప్పుతూ, ఒక్కొక్క మూల వద్ద కాల్చుతూ పోతే గుండ్లు చతురస్రం గీసి మొదటి చోటికే తిరిగి రావాలి. రాకపోతే లోపలి పరికరం చెప్పినమాట వినడం లేదన్నమాట. ఈ టెలిస్కోపు మాట విన్నది. పది గుండ్ల గుంపు మూడు అంగుళాల పైచిలుకుకు తగ్గింది.

మూడవ కారణం అతని వృత్తికి దగ్గరిది. తూటా పేలినప్పుడు ఉక్కు గొట్టం మీటిన తీగ వలె కంపిస్తుంది. ప్రతిసారీ ఒకే విధంగా కంపిస్తే నష్టం లేదు. గుండు ప్రతిసారీ ఒకే స్థితిలో గొట్టాన్ని విడుస్తుంది. కాని రైఫిలు కర్ర ఎక్కడైనా గొట్టానికి ఆనుకొని ఉంటే ఆ కంపనం తడవకొక తీరున మారుతుంది. గొట్టం వేడెక్కినప్పుడు ఒక ఒత్తిడి, చల్లగా ఉన్నప్పుడు మరొకటి. వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయే కొయ్య ఆ ఒత్తిడిని నెలనెలా మార్చుతుంది. గొట్టానికీ కర్రకూ మధ్య కరెన్సీ నోటు దూర్చి వెనుకకు లాగడం దీనికి పాత పరీక్ష. నోటు ఎడమ పక్కన మధ్యలో ఆగిపోయింది. కొయ్య ఎలా నడుచుకుంటుందో అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఒక గుండ్రని కర్రకు గరుకు కాగితం చుట్టి ఆ చోటును అరగదీసి, తేమ చొరకుండా మెరుగునూనె పూశాడు. కర్రనూ ఉక్కునూ కలిపే రెండు పెద్ద మరలను సరిగా బిగించాడు. గుంపు రెండున్నర అంగుళాలకు వచ్చింది.

ఇక్కడ గుండు సంగతి వస్తుంది. గొట్టం లోపల చెక్కిన మెలికల గాడులు గుండును బొంగరం వలె తిప్పుతాయి. ఈ రైఫిలు గొట్టంలో గుండు తొమ్మిదిన్నర అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతుంది. సెకనుకు మూడు వేల అడుగుల వేగంతో పోయే గుండుకు అది నిమిషానికి రెండు లక్షల చుట్లకు పైగా అవుతుంది. బొంగరం వేగం చాలకపోతే తూలినట్లే, చుట్లు చాలని గుండు గాలిలో తూలుతుంది. పొడవైన గుండుకు ఎక్కువ మెలిక కావాలి. 1879లో ఆంగ్ల గణితవేత్త గ్రీన్‌హిల్ దీనికి ఒక సులభమైన సూత్రం ఇచ్చాడు. 1955లో దీని ప్రాముఖ్యం అమెరికా వేటగాళ్ళకు బాగా తెలిసివచ్చింది. ఆ ఏడు ఒకే కొలత గుండు వాడే రెండు కొత్త తోటాలు, .243 వించెస్టర్, .244 రెమింగ్టన్ వెలువడ్డాయి. మొదటిదాని గొట్టంలో మెలిక పది అంగుళాలకు ఒక చుట్టు; రెండవదానిలో పన్నెండు అంగుళాలకు ఒకటి. దుప్పి వేటకు నూరు గ్రెయిన్ల పొడవాటి గుండు కోరినవారు మొదటిదాని వైపే మొగ్గారు. రెండవదానికి తరువాత తొమ్మిది అంగుళాల మెలిక ఇచ్చి, 1963లో కొత్త పేరు పెట్టవలసి వచ్చింది. దాదాపు ఆ కాలంలోనే ఎం-16గా పేరుపొందిన సైనిక రైఫిలు మెలికను కూడా పద్నాలుగు అంగుళాల నుండి పన్నెండుకు బిగించారు. గడ్డకట్టే చలిలో గాలి చిక్కబడి, పాత మెలిక గుండును నిలకడగా ఉంచలేకపోవడం అందుకు కారణం.

గుండు తూలుతున్నదో లేదో కాగితమే చెబుతుంది. రంధ్రాలు గుండ్రంగా ఉంటే నిలకడగా పోయినట్లు. కోలగా ఉంటే పక్కవాటుగా తగిలినట్లు. వడ్రంగి కాగితంలో అన్నీ గుండ్రంగానే ఉన్నాయి. కనుక మెలిక నిర్దోషి అని తేలింది. గొట్టం మూతి అంచును దూదితో తుడిచి చూశాడు. ఎక్కడా పోగు చిక్కుకోలేదు గనుక అంచూ క్షేమమే. కొత్త గొట్టంలో పేరుకున్న రాగి చారలను మందుతో కడిగాడు. అప్పుడు గాని, కొన్న నాలుగు రకాల తోటాలను ఒక్కొక్కటిగా పరీక్షించలేదు. వాటిలో ఒక రకం స్పష్టంగా మేలనిపించింది. దీనిలో వింత లేదు. ఎయిర్ రైఫిల్ పోటీదారులు కూడా తుపాకిని వైస్‌లో బిగించి, ఏ బ్యాచి గుండ్లు తమ గొట్టానికి నప్పుతాయో పరీక్షించుకుంటారు. హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన ఆ పోటీలో, పది మీటర్ల దూరాన పదవ వలయం అరమిల్లీమీటరు చుక్క మాత్రమే. అక్కడ నప్పని గుండుకు చోటు లేదు.

ఈ వెదుకులాట అంతటికీ ఒక పూర్వీకుడు ఉన్నాడు. మసాచుసెట్స్ రాష్ట్రానికి చెందిన ఫ్రాంక్లిన్ మాన్ వైద్యం చదివిన మనిషి. ఒకే తుపాకి, ఒకే మందు, ఒకే గుండు అయినప్పుడు గుండ్లన్నీ ఒకే రంధ్రంలో ఎందుకు పోవు అన్న ఒక్క ప్రశ్న ఆయనను ఏళ్ళ తరబడి పట్టుకున్నది. ముందుగా మనిషిని లెక్కలోంచి తీసివేయడానికి, కదలని కాంక్రీటు దిమ్మ మీద గొట్టాన్ని అమర్చి కాల్చాడు. దారి పొడవునా కాగితపు తెరలు నిలిపి గుండు ప్రయాణాన్ని గమనించాడు. కావాలని కొన్ని గుండ్ల మొనలు చెడగొట్టాడు, కొన్నింటి అడుగులు చెడగొట్టాడు. మొన చెడితే పెద్దగా నష్టం లేదనీ, అడుగు చెడినా, బరువు ఒక పక్కకు ఒరిగినా గుండు దారి తప్పుతుందనీ చూపించాడు. ఆ ఫలితాలను 1909లో గ్రంథంగా ప్రకటించాడు. అందరూ మొననే చూస్తున్నప్పుడు ఆయన అడుగును చూశాడు. ఊహించడం మాని, ఒక్కొక్క అనుమానాన్నీ విడదీసి పరీక్షించడమే ఆయన నేర్పిన విద్య.

అయితే వడ్రంగికి కాంక్రీటు దిమ్మ లేదు. అతని తుపాకిని పట్టుకున్నది మనిషే. ఇప్పుడు గుంపు రెండు అంగుళాలు. పరీక్షించని వస్తువు ఇక ఒక్కటే మిగిలింది. వృద్ధుడు అతని పక్కన కూర్చున్నాడు.

“ఇక తోటాలు నేను పెడతాను. నీవు చూడకు. కాల్చడమే నీ పని.”

మొదటిది పేలింది. రెండవదీ పేలింది. మూడవసారి ట్రిగ్గరు నొక్కగానే టక్ మని శబ్దం మాత్రమే వచ్చింది. వృద్ధుడు ఈసారి ఖాళీ తొడుగు పెట్టాడు. పేలుడు లేని ఆ నిశ్శబ్దంలో జరిగినది ఇద్దరికీ కనిపించింది. తుపాకి మూతి ఒక్క కుదుపుతో కిందికి వంగింది. అతని భుజం ముందుకు తోసుకు వచ్చింది, కళ్ళు మూసుకున్నాయి. పేలినప్పుడు ఆ కుదుపును తుపాకి అదురు కప్పివేసేది.

“ఇది ఎన్నాళ్ళుగా ఉన్నదంటారు?” అని అడిగాడు వడ్రంగి, కొంతసేపటికి.

“ఈ తుపాకి కొన్ననాటి నుంచి కావచ్చు. పాతది ఇంతగా తన్నేది కాదు గదా! సిగ్గుపడకు. ఒంటికి దెబ్బ తెలుసు, మనసుకు చెప్పకుండానే జాగ్రత్తపడుతుంది.”

మరకు ఒక్క నిమిషంలో మందు ఉన్నది. దీనికి లేదు. తరువాతి మూడు వారాలు అతడు పెద్ద తుపాకిని పెట్టెలో పెట్టి, అదురు లేని .22 రైఫిలుతో సాయంకాలాలు అభ్యాసం చేశాడు. ఇంట్లో తోటాలు లేని గదిలో, ఖాళీ తుపాకితో, గోడ మీది చుక్కను చూస్తూ, ట్రిగ్గరును తెలియనంత మెల్లగా నొక్కడం నేర్చుకున్నాడు. చెవులకు రెట్టింపు రక్షణ పెట్టుకున్నాడు. కుదుపులో సగం శబ్దానికి భయపడి వచ్చేదేనని తెలిసింది. పెద్ద తుపాకితో ఒక పూటకు పది గుండ్లకు మించి కాల్చలేదు. అక్టోబరు నడిమికి పది గుండ్ల గుంపు అంగుళంన్నరకు వచ్చింది.

హామీ కాగితం అంగుళమన్నది. కాని కొండ మీద దుప్పికి పది గుండ్లు అక్కరలేదు. చల్లని గొట్టం నుండి వెలువడే మొదటి గుండే దాని భవితవ్యం. కనుక చివరి పరీక్ష అది. వరుసగా పది రోజులు, రోజుకొక్క గుండు చొప్పున, ఒకే కాగితం మీద కాల్చాడు. ఒకరోజు చలి, ఒకరోజు గాలి, ఒకరోజు పని అలసట. ఆ పది రంధ్రాలూ రెండు అంగుళాలలో పడ్డాయి. ఆ కాగితం అతని దగ్గర ఉన్న వాటన్నిటిలోను నిజం చెప్పింది. ఆ తరువాత బల్ల వదిలి, కొండ మీద వలె సంచి మీద ఆన్చి, కూర్చొని, మోకాలి మీద నిలిపి కాల్చి చూశాడు. గుంపులు రెట్టింపయ్యాయి. రెండు వందల యాభై గజాల వరకు ఎల్క్ గుండె వెడల్పులో ప్రతి గుండూ పడుతున్నది. మూడు వందల వద్ద పదింట రెండు బయటకు పోతున్నాయి. నాలుగు వందల వద్ద లెక్కపెట్టడమే మానుకున్నాడు.

దూరపు గురిని పరీక్షించుకోవడానికి ప్రాణిని గురిపలకగా వాడుకోవడం వేట కాదని, 1887లో థియొడోర్ రూజ్‌వెల్ట్ స్థాపించిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ ఇటీవలి కాలంలో ప్రకటించింది. నాలుగు వందల గజాలు, ఆరు వందల గజాలు కాల్చగలమని తుపాకుల ప్రకటనలు చెబుతున్న రోజులివి. కాల్చడం వేరు, కాల్చే హక్కు వేరు. మొదటిది తుపాకితో వస్తుంది. రెండవది పది రోజుల కాగితంతో గాని రాదు. పదింట రెండు తప్పుతాయంటే, ఆ రెండూ కాగితాన్ని తాకనట్లే పోవు. ఒకటి గాలిలో పోవచ్చు. మరొకటి వాగు ఒడ్డు వరకు నడిచిపోవచ్చు.

లోపం వెదికే మనిషికి ఇందులో రెండు సంగతులు ఉన్నాయి. తప్పు ఒక్కచోటే ఉండదు. వదులైన మర, ఒరుసుకునే కొయ్య, నప్పని తోటా, భయపడే భుజం, ఇవన్నీ తలా కొంచెం పంచుకున్నాయి. ఏ ఒక్కదానిని సరిచేసి ఆగినా మిగిలినవి దాగి ఉండేవి. రెండవది, పరీక్ష ఎప్పుడూ కోరినంత మంచి వార్త తేదు. వడ్రంగి నాలుగు వందల గజాల తుపాకి కొన్నాడు. రెండు వందల యాభై గజాల వేటగాడు అయ్యాడు. ఆ తేడాకు ఎవరినీ నిందించలేదు. వేటకు బయలుదేరే ముందురోజు ఒక చిన్న తెల్లని పట్టీ మీద ఆ అంకె రాసి, కంటికి ఎదురుగా ఉండేటట్లు రైఫిలు కర్రకు అంటించాడు. ఎల్క్ ఎంత అందంగా నిలబడినా, అంతకు మించిన దూరంలో ఉంటే వేలు ట్రిగ్గరు మీదికి పోకూడదని తనకు తాను పెట్టుకున్న కట్టడి అది.